ఎక్కడికీ వెళ్ళని బండి టైర్లు

డ్రై ఫోర్క్, న్యూ మెక్సికో
1984, మే నెల

బక్‌స్కిన్ టైర్ల కంపెనీ పెద్దలకి లెస్టర్ ప్రూయిట్ రాయునది.

నేను బాగానే ఉన్నాను, నా పికప్ బండి టైర్లే బాగాలేవు. మూడేళ్ళ కిందట వేయించినవి. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి, కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు. పక్కలు మాత్రం ఎండిన చెరువులా నెర్రెలిచ్చాయి. గోరు దూరేంత పగుళ్ళు. గిల్లితే పొడి రాలుతోంది. డెబ్భై ఏళ్ళు ఇదే ఎండలో తిరిగిన నా మొహం కూడా ఇంత పాడవలేదు. ఇదేం రబ్బరండీ?

ఇట్లు,
లెస్టర్ ప్రూయిట్

తా.క.: తొందరేం లేదు. పోస్టు బండి మా వైపు మంగళవారం, శుక్రవారం వస్తుంది. రెండు రోజులూ గేటు దగ్గరే ఉంటాను. పెర్ల్ మాత్రం రాదు, పొద్దస్తమానం ఆ బండి కిందే పడుకుంటుంది.

—

బక్‌స్కిన్ టైర్ల కంపెనీ, ఒహాయో

శ్రీ ప్రూయిట్ గారికి,

మీ ఫిర్యాదు అందింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. బండి నెలకి ఎంత దూరం తిరుగుతుంది, ఎక్కడ నిలుపుతారు, దయచేసి తెలియజేయండి.

భవదీయురాలు,
ఐడెల్లా క్రేన్, ఫిర్యాదుల విభాగం

తా.క.: పగిలిన టైర్లున్న బండి కింద పడుకోవడం ప్రమాదం. శ్రీమతి పెర్ల్ గారు కులాసాయేనా? ఆవిడని ఇంట్లో పడుకోమని చెప్పగలరు.

—

ఐడెల్లా గారికి,

బండి నెలకి ఎంత తిరుగుతుందంటే, ఏం చెప్పను? తిరగదు. సరుకులు పోస్టు బండివాడే తెచ్చిపెడతాడు. నేను వెళ్ళి పలకరించాల్సిన వాళ్ళెవరూ లేరు. గుమ్మం ముందు ఎండలో నిలబెట్టి ఉంచాను. దూరం నించి ఎవరైనా చూస్తే ఇంట్లో మనిషున్నాడని తెలుస్తుంది కదా.

పెర్ల్‌కి చెప్పి చూశాను. ఇంట్లోకి రమ్మంటే కరవడానికొస్తోంది.

ఇట్లు,
లెస్టర్ ప్రూయిట్

తా.క.: కరవడానికి రాదూ మరి! నిన్న పొద్దున బండి కిందే పిల్లల్ని కనింది. ఒకే కాన్పులో ఆరు.

—

ప్రూయిట్ గారూ!

ఇది అందేలోపే సాయం అందుతుంది. మీ ఉత్తరం చదివి మా మేనేజరు గారు కుర్చీలోంచి లేచి, మీ జిల్లా పోలీసు పెద్ద, షరీఫ్ ఆఫీసుకి ఫోను చేశారు. బండిని ఒక్క అంగుళం కూడా కదపకండి. ఆవిడకి మంచినీళ్ళు పట్టండి.

ఆదుర్దాతో,
ఐడెల్లా క్రేన్

తా.క.: ఈ వయసులో మీకు ఆరుగురు పిల్లలు! శుభాకాంక్షలు చెప్పాలో లేదో మా ఆఫీసులో ఎవరికీ తోచడం లేదు.

—

ఐడెల్లా గారికి,

షరీఫ్ ఆఫీసు నించి డిప్యూటీ హోల్గిన్ వచ్చాడు. వెంట ఒక నర్సమ్మ, చంకలో ఆరు చిన్న దుప్పట్లు. "ఆవిడేదీ, ఆవిడేదీ?" అంటూ బండి కిందకి వంగాడు. పెర్ల్ మొరిగింది. కుక్క మొరక్క ఏం చేస్తుంది?

తరవాత నవ్వీ నవ్వీ నర్సమ్మకి ఎక్కిళ్ళొచ్చాయి. వచ్చినవాళ్ళని ఊరికే ఎలా పంపను? బీన్సు ఉడకబెట్టి, పచ్చిమిరపకాయలు కాల్చి పెట్టాను. చీకటి పడేదాకా కూర్చున్నారు. నా భార్య నాడీన్ పోయిన తరవాత మా భోజనాల బల్ల మీద రెండో కంచం పెట్టడం ఇదే మొదలు.

ఇట్లు,
లెస్టర్ ప్రూయిట్

తా.క.: ఈసారి పంపితే ఆదివారం పంపండి. ఆదివారాలు ఒక పట్టాన గడవవు.

—

ప్రూయిట్ గారికి,

సిగ్గుతో రాస్తున్నాను. ఇక టైర్ల సంగతి. రబ్బరులో ఒక రకం మైనం కలుపుతారట. చక్రం తిరుగుతూ టైరు నలుగుతుంటే అది పైకి ఊరి, ఎండ తగలకుండా కాపాడుతుంది. బండి నిలబడిపోతే మైనం లోపలే ఉండిపోయి, పైన రబ్బరు ఎండి పగులుతుంది. అంటే మీ టైర్లు తిరిగి అరగలేదు, తిరగక పాడయ్యాయి. ఇది కంపెనీ తప్పు కాదు. అయినా షరీఫ్‌ని పంపిన మొహమాటం కొద్దీ మేనేజరు గారు నాలుగు కొత్తవి ఉచితంగా పంపుతున్నారు. వారం వారం ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి రావాలి, అదే షరతు.

మీ
ఐడెల్లా

తా.క.: నేనుండేది ఒక బేకరీ పైన గదిలో. కింద కొట్టు మూసేస్తే మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా ఉండదు. ఆఫీసు కాగితం మీద ఇలాంటివి రాయకూడదు. రాసేశాను.

—

ఐడెల్లా గారికి,

టైర్లు అందాయి. మెకానిక్ బెనీటో వచ్చి బిగించాడు. పాతవి విప్పుతూ, దుమ్ము తుడిచి పేరు చదివి, "పెద్దాయనా, ఇవి వేరే కంపెనీవి కదా! వీళ్ళకెందుకు రాశావు?" అన్నాడు.

నాకు తెలుసండీ. ఇవి చేసినవాళ్ళకే ముందు రాశాను. అచ్చేసిన కార్డు ముక్క ఒకటి వచ్చింది, అంతే. మా వంటింటి క్యాలెండరు మీద మీ కంపెనీ చిరునామా కనిపిస్తే, సరే చూద్దామని రాశాను. మీరు పెర్ల్ కులాసాయేనా అని అడిగారు. ఆ మాట చదివాక నిజం రాయడానికి చెయ్యి రాలేదు.

నాది కానిది నాకొద్దు, మీ టైర్లు మీకిచ్చేస్తాను. విప్పి పంపుదామంటే పాతవి బెనీటో పారేశాడు. అందుకని బండికి ఉండగానే తెస్తున్నాను. గురువారం బయల్దేరుతున్నా. చాలా దూరం కదా, మైనం బాగా ఊరుతుంది.

ఉంటాను,
లెస్టర్

తా.క.: మీ వైపు ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుందట. నాకు గొడుగు లేదు. దారిలో కొంటాను. మీకుందా, లేక రెండు తెమ్మంటారా?