లియో కాలి చప్పుడు

కల్వర్ సిటీ, కాలిఫోర్నియా
9 నవంబరు 1953

ప్రియమైన బ్రైడీకి,

మీ నాన్న దీవెనలు. నువ్వూ, లియో, పసివాడూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప తక్కినదంతా కులాసాయే.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. థాంక్స్‌గివింగ్‌ పండక్కి మీ ఊరు ఏక్రన్ రమ్మన్నావు. బల్ల దగ్గర నాకో కుర్చీ వేస్తానన్నావు, టర్కీకోడిని లియో కోస్తాడన్నావు. రెండేళ్ళ తర్వాత నీ చేతిరాత చూసి కళ్ళు తడిశాయి, దాచడమెందుకు. జవాబుకు ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో చెప్పాలి.

నిన్న మన సినిమా మళ్ళీ చూశాను. అదే, గుర్రాలు పెంచే రెండు కుటుంబాలు, తాతలనాటి పగ, ఆ ఇంటి పిల్లా ఈ ఇంటి పిల్లాడూ పాటలు పాడుకుంటూ ప్రేమించుకోవడం. చివరి పాటలో ముసలాళ్ళిద్దరూ పగ మరిచి చేతులు పట్టుకుని ఆడతారు గదా, ఆ ట్యాప్ డాన్సు బూట్ల చప్పుళ్ళు నా కాళ్ళవే. తెరమీద రాజీ పడింది ఆ కాళ్ళే. ఇంట్లో మాత్రం ఎవరైనా లియో వాళ్ళ కుటుంబం, ఆ డన్‌ఫీల పేరెత్తితే కంచం తోసేసేవాణ్ణి.

ఆ పగ కథ నీకు సగమే చెప్పాను. నువ్వు పుట్టకముందు నేనూ, లియో వాళ్ళ నాన్న జెరోమూ స్క్రాంటన్‌లో ఒకే వేదికమీద ఆడేవాళ్ళం. అతనిది రెండో వంతు, నాది ఐదోది. నిచ్చెన అడుగని నేను వేసే నాట్యవరసను అతను ముందే ఆడేశాడు. వెనక నేను అదే ఆడితే జనం నన్నే దొంగన్నారు. తెర వెనక నిలదీస్తే, "అడుగు మీద నీ పేరేమైనా రాసుందా?" అని నవ్వాడు. ఆ నవ్వును ముప్పై ఏళ్ళు మోశాను. ఇంతకీ ఆ అడుగు నాది కూడా కాదు. సెయింట్ లూయిస్‌లో ఒక నల్లజాతి ముసలాయన ఆడుతుంటే చూసి పట్టేశాను. ఆయన పేరైనా అడగలేదు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టయింది నా వ్యవహారం.

అలాంటిది నువ్వు ఆ డన్‌ఫీ కొడుకునే ప్రేమించావు. "వాళ్ళ వంశంలో సొంత అడుగనేది లేదే, పక్కవాడిది ఎత్తుకుపోయే రకం" అన్నాను. "అడుగు పోతే ఇంకోటి కట్టుకోవచ్చు నాన్నా, మనిషి పోతే ఏం చేస్తావు?" అన్నావు. ఆ శనివారమే ఇద్దరూ పక్క రాష్ట్రంలోని యూమా పోయి పెళ్ళి చేసుకొచ్చారు.

సరిగ్గా ఆ రోజే మన సినిమాలో లియో పీపాలమీద ఆడిన నృత్యానికి చప్పుడు ఎక్కించాలి. మన పనిలో బొమ్మ ముందు, చప్పుడు తర్వాత. మామూలుగా ఆడినవాడే తెరమీద తన కాళ్ళు చూసుకుంటూ చెక్కపలకమీద మళ్ళీ ఆడాలి, అది చేతకాని నటుల బదులు నేను ఆడతాను. లియో లేడు. సౌండు గది హోబర్ట్ నన్ను పిలిచి, "ఏం ఎమ్మెట్, మీ పిల్ల ఎగిరిపోతూ పోతూ ఆ కుర్రాడి కాళ్ళు కూడా పట్టుకుపోయిందిగా, ఇక నీ కాళ్ళే దిక్కు" అన్నాడు. నేను ఆడాను. నా చప్పుడును ఎవరూ సరిచూడరు.

పాసడీనాలో ముందస్తు ఆట వేసినప్పుడు ఆ మూడు నిమిషాలూ జనం నవ్వారు. కాలు నేల తాకిన రెప్పపాటుకు గానీ చప్పుడు వినిపించలేదు. దర్శకుడు అడిగితే, నేను పాటకు సరిగ్గానే వేశాననీ, కుర్రాడి కాళ్ళే పాటకన్నా ముందు పరుగెత్తాయనీ చెప్పాను. ఇరవై ఏళ్ళలో నా కాలు తప్పలేదు కనక అందరూ నమ్మారు. మళ్ళీ తీద్దామంటే సెట్టు అప్పటికే విప్పేశారు. నృత్యం కత్తిరించారు, లియోను వద్దన్నారు.

లియో కూడా నమ్మాడు. "మీ నాన్న కాలు పడ్డాక తప్పెక్కడుంటుంది బ్రైడీ, తప్పు నాదే" అంటాడని రాశావు. ఇప్పుడు టైర్ల ఫ్యాక్టరీలో చేస్తున్నాడట. బాబు బాప్తిస్మం నాడు అందరూ ఆడుతుంటే, "నా కాళ్ళకు తాళం లేదులే" అని వాకిట్లో నిలబడ్డాడట. ఆ వాక్యం దగ్గరే నా జవాబు ఆగిపోయింది.

పసివాడి పాదాలకు నా ముద్దులు. వాడికి బూట్లు తొడగడానికి తొందరపడకండి.

నీ మంచి కోరే
నాన్న,
ఎమ్మెట్ రాఫర్టీ

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. లియో కాళ్ళు ముందు పరుగెత్తలేదమ్మా. ఆ రోజు తెరమీద అతని పాదాలు వెంట్రుకవాసి తేడా లేకుండా పాటమీద పడ్డాయి. అంత బాగా ఆడిన కుర్రాణ్ణి నేను చూడలేదు, అదే చూసి ఒళ్ళు మండింది. కావాలనే ప్రతి అడుగూ రెప్పపాటు ఆలస్యంగా వేశాను. మూడు నిమిషాలు అంత సమంగా తప్పు వేయడం ఎంత కష్టమో లియోకు తెలుస్తుంది. ఈ మాటే రాసి ఈ ఉదయం దర్శకుడి చేతికిచ్చాను, నేను ఆడే బూట్లు కూడా అక్కడే వదిలేసి వచ్చాను. ఈ ఉత్తరం లియోకు చదివి వినిపించు. విన్నాక కూడా నాకు కుర్చీ వేయొచ్చనుకుంటే, ఆ ముక్క అతన్నే రాయమను. టికెట్టు ఇంకా కొనలేదు.