పన్నెండో నెంబరు ఇంటి రేకుల కప్పు మీద నాలుగో అర్జీ

నగరి,
1948 మే 13, గురువారం.

నేత ఇండ్ల కాలనీ సూపరింటెండెంటు దొరవారి సముఖమునకు, సదరు కాలనీ పన్నెండో నెంబరు ఇంట్లో కాపురముండి మగ్గము నేయు నాగలాపురం దేవరాజులు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పై ఇంటి రేకుల కప్పును కాపాడుట గురించి కాదు, మరమ్మతు గురించి కాదు, ఊడదీయుట గురించి. అదియు నా భార్య కాన్పు లోపల.

ఆధారములు: నా అర్జీలు మూడు, తమ జవాబులు మూడు.

మునుపటి మూడు అర్జీలు కచేరీ అరుగు మీద కూర్చునే రైటరు బాలసుబ్రమణ్యం వ్రాసిపెట్టినాడు. అందుచేత వాటిలో మర్యాద ఎక్కువగా ఉండినది. ఈ నాలుగోది చెప్పబోతే కలం పక్కన పెట్టి, "ఇట్లాంటి మాటలు నేను రాస్తే నా పొట్ట మీద కొడతారప్పా. నువ్వే రాసుకో, ఐదో క్లాసు సదివినావు గదా" అని కాగితం మాత్రం ఇచ్చినాడు. కావున ఇందులోని అక్షరములు, కోపము రెండును నా సొంతమని మనవి.

1. రెండు సంవత్సరముల కిందట మాఘ మాసంలో మా వీధి బోదగడ్డి కప్పులు అంటుకొని పన్నెండు ఇండ్లు కాలిన సంగతి తమకు తెలియును. బోద కాలుతుంది. దానిమీద నాకు వాదం లేదు, నా మగ్గం కూడా అందులోనే బూడిదైంది. ఇండ్లు మరల కట్టించినారు, గోడలు మంచివి. కప్పుకు మాత్రం యుద్ధం ముగిసిన తర్వాత ఎక్కడో పటాలం షెడ్డు విప్పిన రేకులు తెచ్చి వేయించినారు. ఆ షెడ్డులో ఏముండేవని ఓవర్సీరు సుందరరాజు గారిని అడిగితిని. "లారీ టైర్లప్పా" అన్నారు. ఆ దినమే తమకు వ్రాసి ఉండవలసింది, ఆలస్యం చేసినాను.

2. తమరు నేతగాండ్ల ఇండ్లకు పెద్ద అయియుండియు మగ్గం చూచినట్టు లేదు గనుక తెలియజేసుకొనుచున్నాను. మాది గుంత మగ్గం. నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంతలో పెట్టుకొంటాడు. నేల చల్లగా, గాలి తేమగా ఉంటేనే పడుగు పోగు సాగుతుంది. గాలి ఎండితే పుటుక్కున తెగుతుంది. బోద కప్పు కింద మధ్యాహ్నం పూట అయిదారు పోగులు తెగేవి. ఈ రేకుల కింద, ఈ నడివేసవి కత్తిరి ఎండలలో, పదకొండు గంటల నుండి మూడు గంటల వరకు తెగినవి సోమవారం డెబ్భై ఒకటి, మంగళవారం ఎనభై నాలుగు. బుధవారం లెక్కపెట్టలేదు, మగ్గం గుంతలోకే దిగలేదు గనుక. గుంతలో తడి ఇసుక పోసినాము, చుట్టూ తడి గోనెలు కట్టినాము. బావి నీళ్లు మోసిన సేపు నేసిన సేపు కంటే ఎక్కువైంది.

3. ఈ సంగతికి బాలసుబ్రమణ్యం మూడుసార్లు మెత్తని మాటలు వెదికినాడు. నేను వెదకను. పోయిన సంవత్సరం ఇదే కత్తిరిలో ఈ ఇంట్లోనే నా భార్య మునిరత్నమ్మ మగబిడ్డను కన్నది. పదకొండో దినం మధ్యాహ్నం బిడ్డ పోయినాడు. జబ్బు లేదు. పాలు తాగడం మానినాడు, ఒళ్లు కాలింది, సాయంకాలం దాకా ఆగలేదు. మేము తడిగుడ్డలు కప్పుతూనే ఉంటిమి, గుడ్డలు ఎండిపోతూనే ఉండినవి. తమ ఆఫీసు కాగితంలో 'శీతోష్ణస్థితి కారణములు' అని వ్రాసినారు. ఆ దినం ఆ ఇంట్లో శీతం ఎక్కడ కనబడిందో ఆ కాగితం వ్రాసినవారు నాకు చూపించవలెను.

ఆమెకు మరల నెలలు నిండినవి. మంత్రసాని చౌడమ్మ వారం లోపలే అంటున్నది.

పుట్టింటికి పంపరాదా అని తమ గుమస్తా గారు సలహా ఇచ్చినారు. నా భార్య నా సొంత అక్క కూతురు, మాలో అదే ఆచారం. ఆమె పుట్టిల్లు ఇదే వరుసలో ఎనిమిదో నెంబరు. దానికీ తమ రేకులే. నాలుగు గడపలు దాటించి అదే పెనం మీదికి పంపమని సలహా అయినచో, దానికి గుమస్తా గారు అవసరం లేదు.

4. మొదటి అర్జీకి తమ జవాబు: "కప్పును శ్రద్ధగా కాపాడుకొనుట కాపురస్థుని బాధ్యత. తెల్ల సున్నం పూయవలెను." పూసితిని. సున్నం రేకుకు పట్టదేమోనని అందులో బియ్యం గంజి కలిపితిని. ఏది నిలవకపోయినా గంజి పెట్టడమే మాకు తెలిసిన విద్య. ఇది నా తప్పే, ఒప్పుకొనుచున్నాను. మూడో దినమే కొండ కోతులు గుంపుగా దిగి, గంజి గీక్కొని తినుటకు కప్పెక్కినవి. ఇంటిమీద కోతులు, ఇంట్లో పోయిన బిడ్డకోసం ఏడ్చే తల్లి, వీధిలో నవ్వే జనం. నేను కూడా ఒకసారి నవ్వితిని, అందుకు మునిరత్నమ్మ రెండు దినములు నాతో మాట్లాడలేదు. మిగిలిన సున్నం కార్తీకం వానలకు కాలువలో పోయింది.

ఆ వానలకే ముంగిట సొరగింజ నాటితిని. పాదు కప్పెక్కి శివరాత్రి నాటికి తూర్పు సగం మూసేసింది. ఆకు కింద రేకు మీద చేయి పెట్టి ఉంచగలిగినాను. పగటిపూట నా భార్య ఆ సగం కిందనే నడుము వాల్చేది. మార్చి నెలలో సుందరరాజు గారు కొడవలి మనిషితో వచ్చి, ఆకు తడికి రేకు తుప్పు పట్టునని ఆర్డరు చూపించి, కాడ మొదట్లో కోయించినారు. పాదుకు పిందెలు ఉండినవి. మునిరత్నమ్మ అడ్డం పోయి, "సామీ, రేకు తుప్పు పడితే ఇంకో రేకు వస్తాది. నా కడుపులో ఉండేదానికి ఇంకోటి యాడ తెచ్చిస్తారు" అనింది. ఆయన తల వంచుకొని, "సెప్పింది సేస్తా ఉండాను తల్లీ" అన్నారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. చెప్పినవారి మీద ఉన్నది.

5. రెండో అర్జీకి మరమ్మతు మంజూరైనది. గాలి కోసం గోడకు ఒక కన్నం కొట్టించినారు. పడమటి గోడకు. ఎందుకయ్యా పడమర అంటే మేస్త్రీ, ప్లానులో అట్లే ఉండాదన్నాడు. కొండ బండల మీద కాగివచ్చే పడమటి గాలి ఇప్పుడు నేరుగా మగ్గం మీదికే వస్తున్నది. ఆ కన్నంలో గోనెసంచి కుక్కినాము. తమ రికార్డులో మరమ్మతు తృప్తికరంగా పూర్తి అయినది అని ఉన్నదట.

6. మూడో అర్జీకి తమ అసిస్టెంటు గారు స్వయముగా తనిఖీకి దయచేసినారు. ఏప్రిల్ నెల, ఉదయం ఆరున్నర గంట. థర్మామీటరు గోడకు ఆనించి, నా అక్క ఇచ్చిన కాఫీ తాగి, ఫారెన్‌హీట్ ఎనభై మూడు డిగ్రీలు అని వ్రాసుకొన్నారు. "మధ్యానం ఒకసారి వచ్చి సూడండి సామీ" అని నా అక్క వేడుకొన్నది. "మధ్యాహ్నం ఎండగా ఉంటుంది గదమ్మా" అని వారు సెలవిచ్చినారు. వారి నోటి నుండి వచ్చిన ఒకే ఒక నిజం అది, కాగితంలోకి మాత్రం ఎక్కలేదు.

తరువాత తమ జవాబు. కప్పు కారుటలేదు, తుప్పు లేదు, వంకర లేదు. రేకుల ఆయుర్దాయం ఇరవై సంవత్సరములు. కావున మార్చు విషయమై 1966వ సంవత్సరంలో తిరిగి దరఖాస్తు చేసుకొనవలెను. ఆ కాగితం నా భార్యకు చదివి వినిపించలేదు. ఎప్పుడు మారుస్తారని తిథి అడిగితే ఏమి చెప్పేది.

అయ్యా, కప్పు సంగతి మాకు తెలియనిది కాదు. బోదకు సందులో వెలుతురు కనబడితే ఆ మేర కొత్త బోద దోపేవాళ్లం. వెదురు మీద నల్ల చార కనబడితే ఆ వరుస విప్పి కట్టేవాళ్లం. చెయ్యి పెడితే బోద పొడి అయి రాలితే మొత్తం దించేవాళ్లం. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ కప్పు ఎంత కొత్తదైనా కింద మనిషి బతకలేకపోతే ఆ దినమే దించవలెనని మేము ఎవరికీ నేర్పలేదు. నేర్పవలసి వస్తుందని అనుకోలేదు.

7. గత వారం తమ దర్శనం కోసం ఆఫీసు వరండాలో పది గంటల నుండి ఒంటిగంట వరకు నిలబడితిని. తమ గది వాకిళ్లకు వట్టివేళ్ల తడికలు కట్టియున్నవి. కుప్పయ్య అనే అతను కడవతో నీళ్లు తెచ్చి గంటకొకసారి చల్లుచున్నాడు. తలుపు సందులోంచి చల్లని వాసన గాలి వచ్చి ముఖానికి తగిలింది. నిజం చెప్పవలెనంటే ఆ గాలికి తమ మీద కోపం కొంచెం తగ్గింది. ఎందుకు ఇన్నిసార్లు చల్లుతావని అడిగితే కుప్పయ్య, "అయ్యగోరికి ఎండ పడదప్పా. తడిక ఆరితే తలనొప్పి వస్తాది" అన్నాడు. ఆ తడికలు ఏటేటా ఉగాదికి కొత్తవి మారుస్తారట. పాతవి కారుచున్నవా, తుప్పు పట్టినవా అని ఎవరైనా తనిఖీ చేస్తారా అని అడిగితిని. కుప్పయ్య అటూ ఇటూ చూసి, "నువ్వు ఇంటికి పో నాయనా" అన్నాడు. బయటికి వచ్చేసరికి తగ్గిన కోపం మళ్లీ వచ్చింది, వడ్డీతో సహా.

తమకు ఎండ పడదు. నా బిడ్డకూ పడలేదు.

8. ఇన్ని మాటలెందుకు, మీరే ఊడబీక్కోరాదా అని తమరు అడగవచ్చును. అడగలేరు. కాలనీ కప్పు మీద చేయి వేసిన వాని నూలు కార్డు రద్దు అని గోడకు నోటీసు అతికించింది తమరే. కార్డు లేనిదే కండె నూలు దొరకదు, నూలు లేనిదే పొయ్యి వెలగదు. ఇల్లు తమది, నూలు తమది, కప్పు తమది. ఎండ మాత్రం మాది.

కావున నేను కోరునది ఒక్కటే. ఈ రేకులు దించుకొని నాటు పెంకు వేసుకొనుటకు అనుమతి. పెంకు నిప్పుకు అంటుకోదు, తమ భయం తీరును. పెంకు సందుల్లో గాలి ఆడును, మా ప్రాణం నిలుచును. పెంకు నేనే తెచ్చుకొంటాను, కూలి మా వీధివాళ్లే చేస్తారు. తమరు చేయవలసినది కాగితం మీద ఒక్క సంతకం. అది ఆదివారం లోపల కావలెను, 1966 లోపల కాదు.

'చిత్తగించవలెను' అని ముగించుట పద్ధతి అని బాలసుబ్రమణ్యం చెప్పినాడు. మూడుసార్లు చిత్తగించినారు. ఈసారి చదువవలెను.

తమ విధేయుడు, పత్రంలో మాత్రం,
నాగలాపురం దేవరాజులు
పన్నెండో నెంబరు ఇల్లు

తా.క. 16వ తేదీ, ఆదివారం.

పై అర్జీ శుక్రవారం తపాలాలో వేయలేదు. స్టాంపు కోసం పోతే పోస్టాఫీసు మూసినారు. శనివారం తెల్లవారుతూనే మునిరత్నమ్మకు నొప్పులు మొదలైనవి. చౌడమ్మ వచ్చి, గడప బయటనే నిలబడి కప్పు వైపు చూసింది.

"ఈ రేకుల కింద నేను కాన్పు సెయ్యను దేవరాజులూ. పోయినేడు సేసినాను. నా సేతిలోకి వచ్చిన బిడ్డను పదకొండు దినాలకే మట్టిలో పెట్టినారు. ముందు అది పీకండి, ఆమీట నన్ను పిలవండి" అనింది.

నేను నూలు కార్డు సంగతి చెప్పబోయినాను. నా అక్క చెంబు కింద పెట్టి, "కార్డు నీళ్లడగదురా, బిడ్డ అడుగుతుంది. ఎక్కు" అనింది. ఎక్కినాను.

ఎవరినీ పిలవలేదు. చప్పుడు విని వచ్చినారు. ఎవరెవరు వచ్చినారో అడగవద్దు, ఆ దినం నా కంట్లో చెమట పడి ఎవరి ముఖమూ కనబడలేదు. నా భార్యను ఎనిమిదో నెంబరు అరుగు మీద కూర్చోబెట్టి, ఎండ ఎక్కేలోపల రేకులన్నీ దించినాము. తొమ్మిది గంటలకు పచ్చి కొబ్బరి మట్టలతో చలువ పందిరి వేసి నీళ్లు చల్లినాము. నిప్పు భయం ఉన్నది గనుక పొయ్యి వీధిలో పెట్టుకొన్నాము. రేకులు తమ ఆఫీసు వరండాలో పేర్చియున్నవి, ఒక్కటి కూడా వంగలేదు, చూసుకొనవచ్చును.

పదకొండు గంటలు దాటినాక ఆడబిడ్డ పుట్టింది. గట్టిగా ఏడ్చింది. చౌడమ్మ బొడ్డు కోసి, పందిరి వైపు ఒకసారి చూసి, చేతులు కడుక్కొన్నది. ఈ ఉదయం పాలు తాగినది.

చేసింది నేరమని ఎరుగుదును. ఆర్డరు మీరినది నేను ఒక్కడినే, రద్దు చేయవలసిన కార్డు నాది ఒక్కటే. మిగిలిన ఇండ్ల జోలికి పోవద్దు. నూలు లేకపోతే ఏమి చేస్తానో ఇంకా ఆలోచించలేదు. నిన్నటి నుండి బిడ్డను చూస్తూ కూర్చున్నాను, ఇంకే పనీ చేయలేదు.

నోటీసు పంపండి, తీసుకొంటాను, వేలిముద్ర కాదు సంతకమే పెడతాను. కానీ బంట్రోతును సాయంకాలం పంపండి సామీ, తలుపు మెల్లగా తట్టమని చెప్పండి. మధ్యాన్నం పూట బిడ్డ నిద్రపోతా ఉండాది.

దేవరాజులు