అత్తయ్యకి చదివి వినిపించిన పుస్తకం

అక్కా,

నువ్విచ్చిన పుస్తకం గురించే ఈ ఉత్తరం. ఆడవాళ్ల బతుకు మీద ఆ తత్త్వవేత్త రాసింది చదివితే ధైర్యం వస్తుందన్నావు. వచ్చింది. కాకపోతే వచ్చింది నాకొక్కదానికే కాదు.

అత్తయ్యకి చిన్న అక్షరాలు ఆనవు కదా, ఆవిడ బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని రోజూ కాసిని పేజీలు చదివి వినిపించాను. నన్ను ఉద్యోగానికి పంపేలా ఆవిడ మనసు మెత్తబడాలని నా ఎత్తు. పారింది. "వెళ్లవే తల్లీ, పాపని నేను చూసుకుంటా" అంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను.

నిన్న అత్తయ్య చల్లగా చెప్పింది. వీధి చివర పిల్లల్ని చూసుకునే కేంద్రంలో ఆయాగా చేరుతోందట.

"ఇంట్లో చేసే పనే కదా అత్తయ్యా!" అన్నాను.

"అందుకే చేరుతున్నా. ఇంటిపని ఎవరి లెక్కలోకీ రాదని నువ్వే కదా చదివావు?"

మీ మరిది తల గోక్కుని, "మరి పాపని ఎవరు చూస్తారమ్మా?" అన్నారు.

"అక్కడికే తీసుకురండి. ఫీజు కట్టండి, నేనే చూస్తా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా జీతంలో సగం ఆ ఫీజుకే పోతుంది. తప్పు అందామంటే నోరు రావడంలేదు, రైటు అందామంటే మనసొప్పడంలేదు. ఆ పుస్తకం రాసి ఎప్పుడో పోయిన ఆ మహాతల్లి మా ఇంట్లో ఎవరి పక్షమో నువ్వైనా చెప్పు.

రెండో భాగం ఉందన్నావుగా, పంపకు. వద్దులే, పంపు. పెద్ద అక్షరాలది దొరుకుతుందేమో చూడమంది అత్తయ్య. ఇకమీద తనే చదువుకుంటుందట.

నీ చెల్లి