వనభోజనం ఖర్చు

సర్వే చేసిన మేడమ్ గారికి,

కాట్రేనికోన నుంచి మిమ్మల్ని మడ అడవికి పడవలో తీసుకెళ్ళినవాణ్ణి రాస్తున్నాను. పోయిన కార్తీకంలో మావాళ్ళు అడవి గట్టున వనభోజనాలు చేసుకుంటుంటే, ఆ అడవికి విలువ కట్టడానికి మీరు వచ్చారు. మా అమ్మ మీకూ విస్తరి వేసింది. గుమ్మడికాయ పులుసు మారు అడిగి వేయించుకున్నారు. చేయి కడుక్కున్నాక, ఇక్కడికి రావడానికి మీకెంత ఖర్చయిందని అమ్మని అడిగారు.

"అయ్యో, ఖర్చేముందండీ! మీరు తిన్నారు, అదే పదివేలు" అంది.

అన్నం పెట్టి ఎవరైనా ఖర్చు చెబుతారా? మీరు సున్నా రాసుకున్నారు. హైదరాబాదు నుంచి కార్లలో వచ్చినవాళ్ళ ఖర్చు మాత్రం కలిపారు. రావడానికి ఎంత ఖర్చు పెడితే ఆ చోటుకి అంత విలువని మీ లెక్కట.

ఇప్పుడు ఆ గట్టుకి కంచె వేస్తున్నారు. టికెట్ కొన్నవాళ్ళకే లోపలికి దారి. ఊరివాళ్ళకి ఆ చోటు విలువ ఏమీ లేదని మీ రిపోర్టులో ఉంది, నేనే చదివాను. తిట్టాలని కూర్చున్నాను, కోపం కూడా రావడం లేదు. కంచె గుంజలు నా పడవలోనే మోస్తున్నాను.

తన మాట వల్లే ఇదంతా అయిందని అమ్మకి చెప్పలేదు. "కార్తీకం వచ్చేస్తోంది. ఆ మేడమ్ గారికి పులుసు నచ్చిందిరా, మళ్ళీ రమ్మని రాయి" అంది నిన్న.

రాస్తున్నానండి. ఎక్కడికి రమ్మనాలో మీరే చెప్పండి.

ఇట్లు,
పడవ నడిపినవాడు