లేని టీము టోపీ

2022 సెప్టెంబర్ 11, ఆదివారం

మా క్రికెట్ టీము కోరుట్ల లెవన్ ఖలాస్. ముసఫ్ఫాలోని మా వెల్డింగ్ షెడ్డునూ ఐకాడ్‌లోని షెడ్డునూ ముదీర్, అదే మా అరబ్బు మేనేజర్, ఒకే కంపెనీ చేశాడు. టీము కూడా ఇక ఒకటేనట. కెప్టెన్ ఐకాడ్ ఫైజల్. ఏటా మమ్మల్ని ఓడించి ఈల వేసేవాడు. కీపింగ్ నన్నే చేయమన్నాడు. చేయనన్నాను.

నా రూమ్మేట్ భూమేశ్ మాత్రం ఆడతాడట. నువ్వు రూంల కూసోని బియ్యంల రాళ్లేరుకో రత్నన్నా, అన్నాడు.

సెప్టెంబర్ 13

వెల్డింగ్ చెకింగ్‌కు నిషివాకి సార్ వచ్చాడు. జపాన్ ఆయన. ప్రతి మంగళవారం వస్తాడు, టార్చ్ లైటు పట్టేది నేను. మొహం అట్లా పెట్టావేమని అడిగాడు. టీము సంగతి చెప్పాను. ఒక జాయింటు చూడటం పూర్తిచేసి, నా టీమునూ కలిపేశారు అన్నాడు.

బేస్‌బాల్ టీము. ఒసాకాలో కిన్‌టెత్సు బఫెలోస్. రైలు కంపెనీది. నష్టాలని చెప్పి 2004లో ఆరిక్స్ టీములో కలిపారట. ప్లేయర్లు స్ట్రయిక్ చేసినా ఆగలేదు. అప్పటినుంచి సార్ ఒక్క మ్యాచ్ చూడలేదు.

భూమేశ్‌కు చెబితే, టీముకు బర్ల పేరేందే, పాలిస్తదా, అని నవ్వాడు.

సెప్టెంబర్ 20

టీ బ్రేకులో సార్ తన టీము 1988 కథ చెప్పాడు. అక్టోబర్ 19. ఒకే రోజు వెంటవెంటనే రెండు మ్యాచ్‌లు. రెండూ గెలిస్తేనే లీగ్ వాళ్లది. మొదటిది గెలిచారు. రెండోదాంట్లో స్కోరు సమం. నాలుగు గంటలు దాటితే కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని రూలు. వాళ్ల చివరి బ్యాటింగ్‌లో పరుగు రాలేదు. ఇక మహా అయితే డ్రా. లీగ్ పోయింది.

ఇంకా అవతలి వాళ్ల బ్యాటింగ్ మిగిలింది. ఇక గెలవలేమని తెలిసి కూడా బఫెలోస్ ఫీల్డింగ్‌కు దిగారట. సార్‌కు గుర్తున్నది అదే.

నేనైతే దిగను.

సెప్టెంబర్ 25

ప్రాక్టీసుకు పోలేదు. కిటికీలోంచి గ్రౌండ్ కనిపిస్తుంది. కీపర్‌గా ఎవడినో పెట్టారు. బంతులన్నీ వదిలేస్తున్నాడు. కిటికీ మూశాను.

అక్టోబర్ 4

సార్ ఇవాళ టార్చ్ తనే పట్టుకున్నాడు. కిన్‌టెత్సుకు ఆడినవాళ్లలో చివరగా మిగిలిన ప్లేయర్ నిన్న రిటైర్ అయ్యాడట, వేరే టీము తరఫున ఆడుతూ. ఇక ఎవరూ లేరు అన్నాడు.

బ్యాగులోంచి పాలిథిన్ కవరు తీసి చూపించాడు. లోపల ఎరుపు, తెలుపు, నీలం రంగుల కిన్‌టెత్సు టోపీ. కవరు విప్పలేదు.

అక్టోబర్ 30, ఆదివారం సాయంత్రం

సార్ ఫోన్ చేసి బనియాస్‌లో చాయ్ దుకాణానికి రమ్మన్నాడు. సెలవు రోజు ఎప్పుడూ పిలవలేదు. ఫోన్‌లో మ్యాచ్ నడుస్తోంది. ఆరిక్స్ వాళ్లే. బఫెలోస్ అనే పేరు మాత్రం ఉంచుకున్నారు. జపాన్ కప్పు గెలిచారు. సార్ టీము అన్నేళ్లూ ఆడి ఆ కప్పు ఒక్కసారీ గెలవలేదు.

కంగ్రాట్స్ చెప్పాలా అని అడిగాను. తెలియదన్నాడు. తర్వాత, ఈ పిల్లలు నా టీమును ఎత్తుకుపోలేదు, అప్పటికి కొందరు బడికి కూడా పోలేదు అన్నాడు. షెడ్లు కలిపింది మీ ఫైజలా అని అడిగాడు. ముదీర్ అని చెప్పాను.

చూసుకోకుండా నా చాయ్ కూడా తాగేశాడు.

అక్టోబర్ 31

ఫైజల్‌కు ఆడతానని చెప్పాను. ఎందుకని అడగలేదు. యల్లా భాయ్, గ్లవ్స్ లేకే ఆ, అన్నాడు, గ్లవ్స్ పట్టుకుని రమ్మని. రాళ్లన్నీ ఏరినవానే అన్నా, అని భూమేశ్.

నవంబర్ 5

రేపు మ్యాచ్. సార్ షెడ్డుకు వచ్చి టోపీ కవరు నా చేతిలో పెట్టాడు. నాకొద్దన్నాను. ఎండ ఉంటుంది కదా అన్నాడు.

నవంబర్ 6

ఓడిపోయాం. టోపీకి చెమట మరక పడింది. మ్యాచ్ చూడటానికి వచ్చిన సార్‌తో, ఉతికి తెస్తానన్నాను. వద్దు, అట్లాగే ఇమ్మన్నాడు.