దొర కూర్చోమన్న మనిషి

1926 జనవరి 2, శనివారం

క్రిస్మస్ సెలవులయ్యాక ఇవాళ ఆఫీసు తెరిచాను. దొర ఇంకా వాల్తేరు నుంచి రాలేదు. వరండాలో కొండ రైతు సోమయ్య చలికి ముడుచుకుని కూర్చున్నాడు. ఫారెస్టు గార్డు లాక్కున్న గొడ్డలి అడగడానికి సెలవులకు ముందు వచ్చినవాడు!

"ఇన్నాళ్లూ ఇక్కడేనా?"

"దొరగారు ఈడే కూకోమన్నారు బావూ. ఎల్లిపోతే తప్పు కాదేటి?"

కూర్చోమన్న దొర ఆ సాయంత్రమే గుర్రమెక్కి పండక్కి వెళ్లిపోయాడు. బంట్రోతు రోజూ గంజి పోశాడట గానీ, ఇంటికి పొమ్మనలేదట! ఒళ్లు మండిపోయింది. అయినా నేను మాత్రం? ఆ రోజు అతన్ని చూస్తూనే మెట్లు దిగాను.

బీరువా వెనక నుంచి గొడ్డలి తీసి చేతికివ్వబోయాను. "మీ ఉద్యోగం పోద్ది బావూ, దొరగార్ని రానీండి" అన్నాడు.

ఎంత చెప్పినా పుచ్చుకోలేదు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు.