నొసటి ప్లాస్టరుకు ఒకే అర్థం నిర్ణయించుట గురించి

అక్కుపల్లి,
12-8-2003.

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు, భజన మండలిలో పురాణం చెప్పు గున్నయ్య వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య నారాయణమ్మకు జరగని కంటి ఆపరేషను జరిగినట్టు తేల్చినందున, దానిని జరిపించుట గురించి.

1. నా భార్య పలాసలో జీడిపప్పు పొట్టు తీయు పనికి పోవుచుండెను. కుడికంట శుక్లం ముదిరి, ఎడమకంట మొదలై, పప్పుకు పొట్టు వదిలేస్తున్నదని పని మాన్పించినారు. మా ఊరి శిబిరంలో కళ్ళ అసిస్టెంటు గారు చూసి, ఆపరేషను చేయవలసిన కన్ను ఇదని కుడి కనుబొమ్మ మీద ప్లాస్టరు అంటించినారు.

2. మాది కిడ్నీ జబ్బులున్న ఉద్దానం గనుక కిడ్నీ చూడనిదే ఆపరేషను కుదరదని పలాస పంపినారు. అక్కడి కిడ్నీ డాక్టరు గారు రక్తం చూసి, ఆపరేషనుకు తట్టుకోగలదని గుర్తుగా ఇంకొక ప్లాస్టరు వేసినారు. కుడివైపు ఖాళీ లేనందున ఎడమ కనుబొమ్మ మీద వేసినారు.

3. పిమ్మట ఆపరేషనుకు టెక్కలి పంపినారు. అక్కడి కంటి డాక్టరు గారి వద్ద ఆపరేషను అయిన కంటికే ప్లాస్టరు వేయు ఆచారం కలదు. అక్కడి నర్సమ్మ రెండూ చూసి, "రెండు కళ్ళూ అయిపోనాయి గదా, ఇంకా ఏటి కూకున్నావు?" అన్నది. కాలేదని నేను వాదించితిని. "మావా, నువ్వేటి డాక్టరువా?" అని, నల్ల కళ్ళద్దాలు, రొట్టె ఇచ్చి పంపినది. మరునాడు రెండూ పీకేసి వెళ్ళితిమి. గుర్తు లేనివారు శిబిరం మనుషులు కారని గేటు దగ్గరే ఆపినారు.

అయ్యా, భగవంతుడు విశ్వరూపం చూపదలచి, చూడగల కన్ను కూడా తానే ఇచ్చినాడు. చీటీ రాసి ఇంకో ఊరు పంపలేదు. ఇది ధర్మమా అని అడుగుచున్నాను.

4. తరువాత కళ్ళ అసిస్టెంటు గారు ఇంటికి వచ్చి, గాటు కూడా కనబడకుండా చేసినారని డాక్టరు గారి చేతిని మెచ్చుకున్నారు. నల్లద్దాలు తీయించి, ఇప్పుడెలా ఉందమ్మా అన్నారు.

"ఇందాక సీకటి, ఇప్పుడు మంచు" అన్నది నా భార్య.

కావున ఆ ముగ్గురినీ ఒక్కరోజు ఒక్క గదిలో కూర్చోబెట్టి, వారి మధ్య నా భార్యను కూర్చోబెట్టి, ఎడమ కన్ను కూడా పోకముందే కుడికంటికి ఆపరేషను చేయించవలెను. ముగ్గురూ మంచివారే. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, అంతే. ఈ మొర పెడచెవిని పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గున్నయ్య

తా.క.: నారాయణమ్మ వేలిముద్ర కూడా ఉండవలెనని కాగితం ముందు పెట్టితిని. పక్కనున్న చాప మీద వేసినది. మళ్ళీ వేయమంటే, "ఏసినాను గదా, మల్లీ ఏటికి?" అన్నది. చాపను పోస్టులో తీసుకోరు. తమరే వచ్చి చూడగలరు.